పూల్, స్నూకర్ క్యూ రిపేరు: ఎంత తీసుకోవాలి, పాడైతే ఎవరు భరించాలి

"అన్నా, టిప్పు అరవై రూపాయలదే కదా. అతికించడానికి రెండొందలేటి?"

క్యూ అంటే పూల్, స్నూకర్ ఆటల్లో బంతిని కొట్టే కర్ర. టిప్పు దాని కొసకు అతికించే చిన్న తోలు బిళ్ల. ఎంవీపీ కాలనీ నుంచి వచ్చినా గాజువాక నుంచి వచ్చినా కుర్రాళ్లు మొదట అడిగేది ఇదే. కొత్తలో నాకు కోపం వచ్చేది. తర్వాత తెలిసింది, సరిగా చెప్పనిది నేనే అని. బంగారం షాపుకి వెళ్తే బంగారం ధర వేరు, మజూరీ వేరు, తరుగు వేరు అని అందరికీ తెలుసు. బేరమాడతారు గానీ ఆ మూడూ ఎందుకున్నాయని అడగరు. క్యూ రిపేరులోనూ మూడూ ఉన్నాయి: సరుకు ఖర్చు, చేతిపని మజూరీ, తరుగు. మన తరుగు అంటే రాలిపోయే పొడి కాదు. పని మధ్యలో ఏదైనా చెడితే ఆ నష్టం నెత్తిన వేసుకుంటున్నందుకు తీసుకునే డబ్బు. చాలామంది మొదటి రెండూ లెక్కేసి మూడోది వదిలేస్తారు. యాభై వేల క్యూ చేతిలో చిట్లిన రోజున అది గుర్తొస్తుంది.

విశాఖలో ఇంటి వరండాలోనో చిన్న గదిలోనో క్యూలు బాగుచేసే పని మొదలుపెడదామనుకునేవారికి ఇది రాస్తున్నాను. టిప్ అతికించడం, చేతి పట్టు దగ్గర ర్యాప్ చుట్టడం ఇప్పటికే వచ్చనుకుంటున్నాను. ధర ఎలా కట్టాలి, ఎంతవరకు మాటివ్వాలి అన్నదే ఇక్కడి విషయం. తమ క్యూ ఎవరికివ్వాలో తేల్చుకోలేనివారు కూడా చదవొచ్చు.

1. క్యూ చేతికి రాగానే

గొడవలు లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద పుట్టడం తక్కువ. కౌంటర్ దగ్గరే పుడతాయి. క్యూ తీసుకుని "రేపు సాయంత్రం రండి" అనేస్తాం. సాయంత్రం అతను వచ్చి "ఈ గీత ముందు లేదు కదా మాస్టారూ" అంటాడు. ఉందో లేదో అతనికీ తెలీదు, మనకీ తెలీదు. అందుకని ఎంత రద్దీగా ఉన్నా క్యూని దాని యజమాని ఎదురుగానే చూడాలి. ఐదు నిమిషాల పని.

ముందు విప్పండి. షాఫ్ట్, అంటే టిప్ ఉండే సన్నటి ముందు భాగం, ఒక్కదాన్నే చదునైన పలక మీద దొర్లించండి. తర్వాత బట్, అంటే చేత్తో పట్టుకునే లావుపాటి వెనక భాగం, ఒక్కటే. ఆ తర్వాత బిగించి మొత్తం దొర్లించండి. రెండూ విడిగా తిన్నగా ఉండి, బిగించాక ఊగితే తప్పు జాయింట్ ముఖాలది, అంటే ఆ రెండూ కలిసేచోటిది. షాఫ్ట్ ఒక్కటే ఊగితే కర్ర వంగినట్టే. క్యూ కొస వైపు సన్నబడుతూ వస్తుంది కాబట్టి టిప్ ఎగురుతోందా అని చూస్తే మోసపోతాం. కర్రకీ పలకకీ మధ్య కనబడే వెలుతురు చూడాలి. దొర్లుతున్నంతసేపూ ఆ గీత ఒకేలా ఉంటే కర్ర బాగున్నట్టు, లావవుతూ సన్నబడుతూ ఉంటే వంకర ఉన్నట్టు. వెనకాల ట్యూబ్‌లైటు పెట్టుకోండి. నా దగ్గరున్నది వంటగది గట్టు కోసం కోయగా మిగిలిన గ్రానైట్ ముక్క. ఇన్నేళ్లలో దానికి మించిన పనిముట్టు నేను కొనలేదు.

ఇక ఫెర్రుల్, అంటే టిప్ కింద ఉండే తెల్ల తొడుగు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంటుంది. టిప్‌కి రాసే సుద్ద నీలం పట్టి ఉంటుంది కాబట్టి సన్నటి చీలిక మరకలాగే కనబడుతుంది. తడిగుడ్డతో తుడవండి. మరకైతే పోతుంది. చీలికలో దిగిన నీలం వెంట్రుకలా అలాగే నిలిచిపోతుంది. ఫెర్రుల్ కర్రను కలిసేచోట గోరు పెట్టి చుట్టూ తిప్పండి. గోరు తగిలితే అక్కడ మెట్టు ఉంది, రాసుకోండి. తర్వాత క్యూ బిగించి, నిలువుగా పట్టుకుని, అడుగు రబ్బరుని నేలకు మెల్లగా తట్టండి. లోపల జరజరమంటే జాయింట్ పిన్నో, బట్‌లోని బరువు బోల్టో వదులైంది.

వెర్నియర్‌తో కొస మందం కూడా కొలవండి. పూల్ క్యూలు ఎక్కువగా 12 నుంచి 13 మి.మీ. మధ్య, స్నూకర్ క్యూలు 9 నుంచి 10 మి.మీ. మధ్య ఉంటాయి. ఈ అంకె ఎందుకంటారా? షాఫ్ట్ శుభ్రం చేసిచ్చాక "సన్నగా అయిపోయిందన్నా" అనే మాట తప్పకుండా వస్తుంది కాబట్టి.

చివరికి ఫోటోలు. టిప్, ఫెర్రుల్, జాయింట్ రెండు ముఖాలు, కనబడిన ప్రతి గీత. తీసి అక్కడికక్కడే అతని వాట్సాప్‌కి పంపించండి. మీ ఫోన్‌లోనే ఉన్న ఫోటో ఎప్పుడు తీసిందో ఎవరికి తెలుసు? అతని ఫోన్‌లో తారీకు, టైముతో సహా ఉంటే ఆ మాట ఇక లేవదు.

ఈ చాదస్తం నాకు ఊరికే రాలేదు. పని మొదలుపెట్టిన మొదటి ఏడాది కూర్మన్నపాలెం నుంచి ఒక పెద్దాయన క్యూ తెచ్చారు. "టిప్ మార్చు బాబూ, చాలు" అన్నారు. పాత టిప్ కోసి, అడుగు చదును చేయడానికి లేత్ మీద పెట్టాను. ఫెర్రుల్ రెండు ముక్కలై ఊడి వచ్చింది. లోపల కర్ర మీద చీలికలో పాత నీలం కనబడుతోంది. అంటే అది ఎప్పటినుంచో పగిలే ఉంది. నాకది తెలుసు. ఆయనకెలా చెప్పను? "నేను ఇచ్చినప్పుడు బాగానే ఉంది కదా" అన్నారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆయన కంటికి అది నిజంగానే బాగుంది. కొత్త ఫెర్రుల్, కొత్త టిప్ నా డబ్బులతో వేసిచ్చాను. రూపాయి తీసుకోలేదు. ఇప్పటికీ పని ఉంటే నా దగ్గరికే వస్తారు, అది వేరే సంగతి. కానీ తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి ఉంటే ఆ నష్టమే ఉండేది కాదు.

2. చీటీ రాయడం

టైలరు కూడా కొలతల చీటీ చింపి ఇస్తాడు. వేలు పోసి కొన్న క్యూకి ఆ పాటి కాగితం ఉండొద్దా? కార్బన్ పేపరు పెట్టే మామూలు బిల్లు పుస్తకం చాలు.

ఏమేం వచ్చాయో విడివిడిగా రాయండి: బట్ ఒకటి, షాఫ్టులు ఎన్ని, జాయింట్ మూతలు ఉన్నాయా, కేసు ఉందా, ఎక్స్‌టెన్షన్ (క్యూ పొడుగు పెంచే అదనపు ముక్క) ఉందా. జాయింట్ మూతలు పోయాయనే గొడవ క్యూ విరిగిన గొడవ కన్నా ఎక్కువసార్లు చూశాను. తర్వాత అప్పటికే కనబడుతున్న లోపాలు. అడిగిన పని. చేయొద్దన్న పని కూడా రాయాలి, అది మరీ ముఖ్యం. "షాఫ్ట్ సాన పట్టొద్దు, టిప్ మాత్రమే" అన్నవాడి షాఫ్ట్‌ని మంచితనం కొద్దీ నున్నగా చేసిపెడితే, అతని చేతికి అలవాటైన పట్టు పోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

ఆపైన క్యూ విలువ, అతని నోటితోనే చెప్పించి రాయండి. అందరూ వదిలేసే గడి ఇదే. "ఎంత పెట్టి కొన్నారు?" అని అడిగితే కొంతమంది ఇబ్బందిగా చూస్తారు. కారణం చెప్పండి: "పాడైతే నేను కట్టాల్సింది ఎంతో నాకు తెలియాలి కదండీ." నాలుగు వేలని చెప్పి రాయించుకున్న క్యూకి తర్వాత నలభై వేలు అడగడం కుదరదు. నిజంగా నలభై వేలదైతే ఆ పని తీసుకోవాలో వద్దో ముందే తేల్చుకోవచ్చు. నా దగ్గర ఒక హద్దు ఉంది. నా నెల రాబడి కన్నా ఎక్కువ విలువైన షాఫ్ట్‌కి టిప్ తప్ప ఏ పనీ చేయను. పిరికితనం అనుకుంటే అనుకోండి.

చివర్లో ధర, అడ్వాన్స్, ఇచ్చే తారీకు, ఇద్దరి సంతకాలు.

3. గంటకు ఎంత పడుతుంది

కింది అంకెలు లెక్క చూపడానికి నేను అనుకున్నవి. మీవి మీరు వేసుకోండి.

గది అద్దె నెలకు 8,000. కరెంటు 1,500. బ్లేడ్లు, టేపు, జిగురు, ఉప్పు కాగితం 1,500. చిన్న లేత్, దాని సామాను లక్షా ఇరవై వేలకు కొని ఐదేళ్లు వాడతాననుకుంటే నెలకు 2,000. ఇంట్లో ఇవ్వాల్సిన నా జీతం 25,000. మొత్తం 38,000. నెలకు 25 రోజులు షాపు తీస్తాను. రోజుకు పది గంటలు కూర్చున్నా డబ్బు వచ్చే పని నాలుగు గంటలకు మించదు. మిగతాదంతా చూడటం, మాట్లాడటం, టీ, ఫోన్లు. అంటే నెలకు 100 గంటలు. గంటకు 380 రూపాయలు.

పది గంటలతో భాగించేవాళ్లు ఉన్నారు. వాళ్ల గంట 152 రూపాయలకు వస్తుంది, కస్టమర్లు సంతోషిస్తారు, ఏడాది తిరిగేసరికి షాపు మూతపడుతుంది.

టిప్ పని చీటీతో సహా అరగంట అనుకుందాం. మజూరీ 190. సాదా టిప్ 60. ఇక తరుగు. ఇరవై టిప్పుల్లో ఒకటి ఊడి తిరిగొస్తుందనుకోండి. దాన్ని మళ్లీ ఉచితంగా వేయాలి, అంటే 250 రూపాయల పని. దాన్ని ఇరవై మంది మీదకు పంచితే తలా 12 రూపాయల 50 పైసలు. నాలుగు వందల పనుల్లో ఒక షాఫ్ట్ నా చేతిలో పూర్తిగా పాడవుతుందనుకుందాం. పార్లర్ (డబ్బిచ్చి ఆడుకునే చోటు) క్యూ షాఫ్ట్ 1,500 అయితే ఆ వాటా నాలుగు రూపాయల లోపు. మొత్తం 266 చిల్లర. 270 తీసుకుంటాను.

అదే అరగంట పని, ఈసారి ఇరవై ఐదు వేల షాఫ్ట్ మీద 1,400 రూపాయల లేయర్ టిప్ (తోలు పొరలు అతికించి చేసింది). మజూరీ అదే 190. తిరిగొచ్చే పని వాటా 79 రూపాయల 50 పైసలు. షాఫ్ట్ వాటా 62 రూపాయల 50 పైసలు. మొత్తం 1,732, దాన్ని 1,750 చేస్తాను. చేయి అదే, బ్లేడు అదే. తరుగు మాత్రం 16 నుంచి 142కి పెరిగింది. "టిప్పు వేయడానికి అందరికీ ఒకే రేటు" అని బోర్డు పెట్టినవాడు, ఖరీదైన క్యూ వచ్చినప్పుడల్లా ఆ 126 రూపాయలు తన జేబులోంచి వేస్తున్నాడు. రోజూ కనబడదు, నాలుగు వందలో పనికి ఒక్కసారే కనబడుతుంది.

కస్టమర్‌కి ఈ లెక్కంతా చెప్పక్కర్లేదు. "ఊడితే నెలలోపు ఉచితంగా వేస్తాను, పాడైతే నాది బాధ్యత, అందుకే ఈ రేటు" అంటే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లకు నేను ఇంకో రేటు చెబుతాను: తరుగు తీసేసి, గ్యారంటీ లేకుండా. చీటీ మీద "గ్యారంటీ లేదు" అని రాస్తానంటే పదిమందిలో తొమ్మిదిమంది మొదటి రేటుకే వస్తారు.

4. ఏ పనికి ఎంత తరుగు

టిప్ సంగతి చూశాం. అందులో చెడేది సాధారణంగా ఫెర్రుల్ పక్క. టిప్ అంచు కోసేటప్పుడు బ్లేడు జారితే గీత పడుతుంది. ఫెర్రుల్ చుట్టూ రెండు వరసలు టేపు చుట్టడం రూపాయి ఖర్చు కూడా కాదు. సాన పట్టేటప్పుడు ఒకేచోట ఎక్కువసేపు ఆపితే వేడికి జిగురు మెత్తబడుతుంది. వారంలో టిప్ ఊడితే అది పూర్తిగా మన తప్పే, వాదించకండి.

ఫెర్రుల్ మార్చడం మరో లోకం. పాతది తీసేదాకా లోపలి కర్ర మొన ఎలా ఉందో బ్రహ్మకైనా తెలీదు. అందుకే దీనికి ఒక ధర చెప్పకూడదు, రెండు చెప్పాలి: "లోపల కర్ర బాగుంటే ఇంత. చిట్లి ఉంటే ఆపేసి ఫోన్ చేస్తాను, అప్పుడు ఇంత." ఆపడం అంటే నిజంగా ఆపాలి. "ఎలాగూ విప్పాం కదా" అని అడక్కుండా ముందుకెళ్లి డబుల్ బిల్లు ఇస్తే, పని ఎంత బాగున్నా ఆ మనిషి మళ్లీ రాడు.

నొక్కులు: తడిగుడ్డ మీద వేడి తగిలిస్తే నొక్కుకుపోయిన పోగులు ఉబ్బి పైకొస్తాయి. పోగులు తెగి ఉంటే రావు. "తగ్గుతుంది, మాయమవుతుందని చెప్పను" అన్న మాట ముందే అనేయండి. చవక పని, చవకగానే తీసుకోండి.

షాఫ్ట్ శుభ్రం చేయడానికి చాలామంది ఉప్పు కాగితం అందుకుంటారు. ప్రతిసారీ కర్ర కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. తడిపి పిండిన మెలమైన్ స్పాంజితో తుడిచి ఆరబెడితే ఎక్కువ షాఫ్టులకు సరిపోతుంది. సాన తప్పదంటే మందం ముందొకసారి, తర్వాతొకసారి కొలిచి చీటీలో రాయండి.

వంకర తీయమని అడుగుతారు. వేడి చేసి, బరువు కట్టి తిన్నగా చేయొచ్చు, చేసేవాళ్లున్నారు. కర్ర తన పాత వంకరకు తిరిగి వెళ్లడమే నేను ఎక్కువగా చూశాను. కాబట్టి ఈ పని తీసుకోను. మీరు తీసుకుంటే మజూరీ మాత్రమే తీసుకుని, గ్యారంటీ లేదని పెద్దక్షరాలతో రాసి సంతకం పెట్టించుకోండి. కొత్త షాఫ్ట్ కొనుక్కోమని చెప్పడమే నిజాయితీ.

కార్బన్ ఫైబర్ షాఫ్టులు ఇప్పుడు కుర్రాళ్ల చేతుల్లో బాగా కనబడుతున్నాయి. టిప్ మార్చడం మాత్రమే మన పని. నొక్కు తీయడం, సాన పట్టడం అనేవి దానికి లేవు. అంచులో బ్లేడు తగిలితే పడిన గీత పోయే దారి లేదు, కాబట్టి తరుగు మాపుల్ షాఫ్ట్ కన్నా ఎక్కువ వేసుకోండి. ఆ పొడి పీల్చకూడదు, మాస్కు తప్పనిసరి.

పాత క్లబ్బుల నుంచి వచ్చిన క్యూల్లో ఎప్పుడైనా ఏనుగు దంతం ముక్క కనబడొచ్చు. ముట్టుకోకుండా తిరిగి ఇచ్చేయండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దంతం వ్యాపారం నేరం. "పాత ముక్క అమ్మిపెట్టండి" అన్న బేరం అసలు వినొద్దు.

5. మన ఊరి గాలి

కర్ర చుట్టూ ఉన్న గాలిలోని తేమకు తగ్గట్టు నీటిని తాగుతుంది, వదులుతుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే కర్రలో నీరు పూర్తిగా ఎండిన కర్ర బరువులో 16 శాతం దగ్గర నిలకడపడుతుంది. గాలిలో 50 శాతమే ఉంటే 9 శాతం దగ్గర. బీచ్ రోడ్డు పక్క ఇంట్లో కిటికీ తెరిచి పెట్టిన క్యూకీ, పగలంతా ఏసీ వేసిన పార్లర్‌లో ఉన్న క్యూకీ ఇంచుమించు ఇంత తేడా ఉండొచ్చు. దాంతో షాఫ్ట్ కొస మిల్లీమీటరులో పదో వంతు లావెక్కినా సన్నబడినా ఆశ్చర్యం లేదు. ఫెర్రుల్ ప్లాస్టిక్ లాంటి పదార్థం, అది అంతగా మారదు. ఫలితంగా నిన్న నున్నగా కలిసిన చోట ఇవాళ వేలికి మెట్టు తగులుతుంది.

"ఫెర్రుల్ సరిగ్గా పెట్టలేదు" అనే ఫిర్యాదుల్లో సగం ఇదే. నా తప్పా, గాలి తప్పా? దీనికొక పద్ధతి పెట్టుకున్నాను. ఫెర్రుల్ పనికి వచ్చిన క్యూని కనీసం రెండు రోజులు షాపులోనే ఉంచి, ఆ తర్వాతే చివరి సాన పడతాను. ఇచ్చేటప్పుడు అతని వేలితోనే ఆ కలయిక తడిమిస్తాను, చీటీలో "మెట్టు లేదు" అని రాయిస్తాను. తర్వాత వానాకాలంలో మెట్టు వస్తే ఒకసారి ఉచితంగా సరిచేస్తాను. రెండోసారి మజూరీ. ఎండలో పార్కింగ్ చేసిన కారు డిక్కీలో క్యూ వదిలేసేవాళ్లకి మొదటిసారి కూడా మజూరీయే.

తేమ గాలిలో సూపర్ గ్లూ తొందరగా గట్టిపడుతుంది, సీసా తొందరగా పాడవుతుంది. పెద్ద సీసా కొని ఆదా అనుకోకండి. చిన్నవి కొని, తెరిచిన తారీకు మీద రాసుకోండి.

6. చట్టం ఏమంటుంది

వకీలును కాను. కానీ ఈ నాలుగు ముక్కలు తెలియకుండా ఇంకొకరి వస్తువు చేతిలోకి తీసుకోకూడదు.

క్యూ మీ దగ్గర వదిలి వెళ్లిన క్షణం నుంచి భారత ఒప్పందాల చట్టం, 1872 మీకు వర్తిస్తుంది. 151వ సెక్షన్ ప్రకారం, మామూలు తెలివిగల మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, మీ చేతికొచ్చిన వస్తువును అంత జాగ్రత్తగా చూడాలి. అలా చూసినా పాడైతే, వేరే ఒప్పందం లేకపోతే, మీ మీద భారం ఉండదని 152 అంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పటిలా పైకప్పు రేకులు లేచిపోయి క్యూలు తడిస్తే అది ఒక లెక్క. కిటికీ వేయకుండా ఇంటికెళ్లి, మామూలు వానకు తడిస్తే అది ఇంకో లెక్క.

వస్తువులో తనకు తెలిసిన లోపం ఇచ్చేవాడు చెప్పాలని 150వ సెక్షన్ చెబుతుంది. అందుకే చీటీలో "ఇదివరకు ఎవరైనా రిపేరు చేశారా?" అన్న ప్రశ్న పెట్టాను. జిగురుతో అతికించి రంగేసిన బట్ పగులు ఒకటి ఆ ప్రశ్నతోనే బయటపడింది.

డబ్బిచ్చేదాకా క్యూ ఆపుకోవచ్చా? 170వ సెక్షన్ ప్రకారం, ఆ వస్తువు మీద పనితనం పెట్టి చేసిన పనికి కూలి వచ్చేదాకా ఆపుకునే హక్కు ఉంది. చట్టంలోనే ఉదాహరణలున్నాయి. సాన పట్టడానికి వజ్రం తీసుకున్న నగల వర్తకుడు కూలి వచ్చేదాకా దాన్ని ఉంచుకోవచ్చు. కోటు కుట్టగానే ఇస్తానని, డబ్బుకు మూడు నెలలు గడువిస్తానని ఒప్పుకున్న దర్జీ మాత్రం ఆపుకోలేడు. "తర్వాతివ్వు తమ్ముడూ" అని మాట ఇచ్చేశాక మనమూ ఆ దర్జీలమే. ఇంకో సంగతి: అది ఆపుకునే హక్కు మాత్రమే, అమ్ముకునే హక్కు కాదు.

ఇక వినియోగదారుల రక్షణ చట్టం, 2019. డబ్బు తీసుకుని చేసే రిపేరు సేవ కిందికి వస్తుంది. లోపం జరిగితే రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. గోడ మీద "పాడైతే మాకు సంబంధం లేదు" అని బోర్డు కొట్టించుకున్నంత మాత్రాన అజాగ్రత్తకు మాఫీ దొరకదు. ఆ బోర్డు డబ్బులతో ఇంకో బిల్లు పుస్తకం కొనుక్కోండి.

7. నిజంగానే పాడైంది, ఇప్పుడేం చేయాలి

లేత్ ఆపండి. ముక్కలు కదపకుండా ఫోటో తీయండి. అప్పుడే, ఆ గంటలోనే ఫోన్ చేయండి. అతికించి దాచేసి ఇద్దామన్న ఆలోచన ప్రతివాడికీ వస్తుంది, నాకూ వచ్చింది. అతికించిన చోటు ఎప్పుడో ఒకనాడు ఆటలో వదులుతుంది. అప్పుడు మీరు కట్టేది క్యూ ఒక్కదానికే కాదు.

ఫోన్‌లో ముందు జరిగింది చెప్పండి, కారణాలు తర్వాత. "మీ షాఫ్ట్ చిట్లిందండీ, నా దగ్గరే జరిగింది. వచ్చి చూడండి." మనిషి ఎదురుగా ఉన్నప్పుడు చీటీ తీయండి. చీటీలో ఆ లోపం ముందే రాసి ఉంటే ప్రశ్న లేదు, మజూరీ వదులుకుని వస్తువు ఇచ్చేస్తాను. రాసి లేకపోయినా, లోపలి పాత చీలిక కళ్లకు కనబడుతుంటే సగం సగం అడుగుతాను. తప్పు నా చేతిదైతే మొత్తం నాదే. చీటీలో రాసిన విలువ వరకు, ఆ భాగానికి మాత్రమే. షాఫ్ట్ పాడైతే షాఫ్ట్ ఇప్పిస్తాను, క్యూ మొత్తం కాదు. వాడిన వస్తువుకి కొత్తది ఇస్తున్నాను కదా అని తేడా అడగడం నాకు నచ్చదు. అడిగేవాళ్లున్నారు, వాళ్లది తప్పనను.

ఈ మూడు రకాలూ చీటీ వెనక అచ్చు వేయించుకున్నాను, తెలుగులోనే. ఇంగ్లీషులో వేస్తే ఎవరూ చదవరు, గొడవప్పుడు మాత్రం చదువుతారు.

8. బయటి చేతులు

జాయింట్ పిన్ను మార్చడం లాంటి పనికి ఆటోనగర్ లేత్ మీద ఆధారపడాల్సి రావచ్చు. అక్కడ పనివాళ్ల చేతులు బంగారం, కానీ వాళ్ల అలవాటు ఇనుముతో. మూడు దవడల చక్‌లో (లేత్ మీద వస్తువును బిగించి పట్టే భాగం) కర్రను ఇనుములా బిగిస్తే మూడు గుంటలు పడతాయి. క్యూతో పాటు మీరూ వెళ్లండి, కర్ర చుట్టూ తోలు ముక్క చుట్టి బిగించమనండి. పని వాళ్లది, బాధ్యత మాత్రం మీది. కస్టమర్ క్యూ ఇచ్చింది మీకు. ఏటికొప్పాక బొమ్మలు చేసేవాళ్లు చెక్కను ఎంత మెత్తగా పట్టుకుని తిప్పుతారో ఒక్కసారి వెళ్లి చూస్తే ఆ తేడా చేతికి తెలుస్తుంది. వాళ్లది మెత్తని అంకుడు కర్ర, మనది గట్టి మాపుల్. అయినా కర్రను పట్టే తీరు నేను వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి బస్సు పార్సిల్లో క్యూలు వస్తాయి. దారిలో విరిగితే ఎవరిది? పంపేవాళ్లదే అని ముందే చెప్పి, పీవీసీ పైపులో పెట్టి రెండు వైపులా మూత బిగించి పంపమంటాను. ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో తీస్తాను. తిరిగి పంపేటప్పుడు అదే పైపు. అప్పుడు బాధ్యత నాది, కాబట్టి పార్సిల్ ఖర్చు నేనే చెబుతాను, తగ్గించను.

"టిప్ నేనే ఆన్‌లైన్‌లో తెచ్చుకున్నా, వేసిపెట్టు చాలు" అంటారు. వేయండి. మజూరీ, షాఫ్ట్ తరుగు తీసుకోండి. ఊడితే మళ్లీ అతికిస్తాను గానీ, టిప్ పొరలు విడిపోతే నా పూచీ లేదని రాయండి. పేరున్న టిప్పులకు నకిలీలు చాలా ఉన్నాయి, పెట్టె చూసి పోల్చుకోలేం.

9. పార్లర్ల పని

నెలకు ముప్పై నలభై క్యూలు ఒకే చోటి నుంచి వస్తే రేటు తగ్గించొచ్చు, ఎందుకంటే మాటలు తగ్గుతాయి, తరుగు దాదాపు లేదు. నేను క్యూ లెక్కన కాకుండా సందర్శన లెక్కన తీసుకుంటాను: వారానికోసారి వెళ్లి, అక్కడే కూర్చుని, టిప్పులన్నీ చూసి రావడం. సరుకు వాళ్లది. ఒక్క షరతు: ఆడేవాళ్లు విరగ్గొట్టిన క్యూ, వంగిన క్యూ నా లెక్కలోకి రావు. డబ్బు నెలాఖరుకి కాదు, ఆ రోజే. ఒకచోట నాలుగు నెలల బాకీ నిలిచిపోయాక పెట్టుకున్న నియమం ఇది.

10. తిరిగి ఇచ్చేటప్పుడు

తీసుకున్నప్పుడు చేసిన పరీక్షలన్నీ అతని ఎదురుగా మళ్లీ చేయండి. దొర్లించండి, తట్టండి, కొలవండి. నాలుగు షాట్లు కొట్టనివ్వండి. టేబుల్ లేకపోతే పక్క పార్లర్‌కి వెళ్లి కొట్టి వచ్చాకే సంతకం పెట్టమనండి. కొత్త టిప్ మొదటి రోజుల్లో కాస్త అణిగి అంచులు బయటికి వస్తుంది. అది లోపం కాదని, వారం తర్వాత వస్తే అంచు ఉచితంగా సరిచేస్తానని చెప్పండి. ఆ ఒక్క మాట ఎన్నో ఫోన్లు తగ్గిస్తుంది.

తీసుకెళ్లని క్యూలు మిగులుతాయి. కుర్రాడు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోతాడు, నంబరు మారిపోతుంది. తొంభై రోజుల తర్వాత నెలకు ఇంత నిల్వ రుసుము అని నా చీటీ మీద ఉంది. ఇప్పటిదాకా ఒక్కరి దగ్గరా వసూలు చేయలేదు. మూడు క్యూలు గోడకు నిలువుగా వేలాడుతున్నాయి, ఒక్కోదానికి దాని చీటీ దారంతో కట్టి ఉంది. వానాకాలం రాగానే వాటిని కూడా దించి గ్రానైట్ పలక మీద దొర్లించి చూస్తాను. రెండు ఇంకా తిన్నగానే ఉన్నాయి. మూడోది ఒంగింది. ఆ ఫోటో కూడా తీసి, తారీకు చీటీ మీద రాసిపెట్టాను.